లాస్ ఏంజెలెస్ ఆర్మేనియన్లు: వలస, వివక్ష, వ్యవస్థలు
(నెలవారీ అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి అంశం పేరు విని కొందరు మిత్రులు ఆశ్చర్యపోయారు. మన సమస్యలు మనకు చాలవా, సముద్రాల అవతలి ఆర్మేనియన్ల ముచ్చట మనకెందుకని ఒక పెద్దమనిషి ఫోనులోనే అడిగారు. వారికిచ్చిన సమాధానాన్నే ఇక్కడ మొదట మనవి చేస్తాను. మన హైదరాబాదు ఉప్పుగూడలో ఒక పాత ఆర్మేనియన్ శ్మశానం ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వర్తకం నిమిత్తం వచ్చి ఇక్కడి మట్టిలోనే కలిసిపోయిన వారి సమాధులవి. రాళ్ల మీద వారి లిపి చెక్కి ఉన్నది. ఉద్యోగంలో ఉండగా ఒక సర్వే పనిమీద అటు వెళ్లి, ఆ అక్షరాలు ఏ భాషవో తెలియక చాలాసేపు నిలబడిపోయాను. ఇక మద్రాసు సంగతి. ప్రపంచంలో ఆర్మేనియన్ భాషలో వెలువడిన మొట్టమొదటి పత్రిక ‘అజ్దరార్’. అది 1794లో అచ్చయినది ఆర్మేనియాలో కాదు, మద్రాసులో. అక్కడి ఆర్మేనియన్ వీధి నేటికీ ఆ పేరుతోనే ఉన్నది. కనుక వీరు మనకు పూర్తిగా అపరిచితులు కారు. ఆ సమాధుల దగ్గర మొదలైన కుతూహలమే పదవీ విరమణ తరువాత నన్ను అమెరికాలోని లాస్ ఏంజెలెస్ వరకు పుస్తకాల ద్వారా తీసుకొని వెళ్లినది.

కాలిఫోర్నియా రాష్ట్రంలోని లాస్ ఏంజెలెస్ మహానగర ప్రాంతం, ఆర్మేనియా దేశం వెలుపల ఆర్మేనియన్లు అత్యధికంగా నివసించే ప్రాంతాలలో ఒకటి. ప్రభుత్వ సర్వేల ప్రకారం లాస్ ఏంజెలెస్ కౌంటీలో వారి సంఖ్య సుమారు రెండు లక్షలు. సమాజ పెద్దలు మాత్రం అంతకు చాలా ఎక్కువని చెబుతారు. ఈ తేడా ఎందుకు వచ్చినదో తరువాత విన్నవిస్తాను. నగరానికి ఉత్తరాన గ్లెండేల్ అనే పట్టణం ఉన్నది. జనాభా రెండు లక్షలకు కొంచెం తక్కువ. అందులో మూడవ వంతుకు పైగా ఆర్మేనియన్లే. హాలీవుడ్ తూర్పు భాగంలోని ఒక పేటకు 2000లో నగరపాలక మండలి ‘లిటిల్ ఆర్మేనియా’ అని అధికారికంగా పేరు పెట్టినది. పాసడేనా, బర్బ్యాంక్, మాంటెబెల్లో, శాన్ ఫెర్నాండో లోయ, ఇవన్నీ వారి నివాసాలే.

కాలిఫోర్నియాలో వారి చరిత్ర లాస్ ఏంజెలెస్‌లో మొదలు కాలేదు. 1880లలో ఫ్రెస్నో అనే వ్యవసాయ ప్రాంతానికి కొన్ని కుటుంబాలు చేరి, ద్రాక్ష తోటలు వేసి, ఎండు ద్రాక్ష వ్యాపారంలో నిలదొక్కుకున్నాయి. ప్రఖ్యాత రచయిత విలియం సరోయన్ 1908లో అక్కడే జన్మించారు. అదే సంవత్సరం ‘అస్బరేజ్’ పత్రిక కూడా ఫ్రెస్నోలోనే ప్రారంభమై, దశాబ్దాల తరువాత లాస్ ఏంజెలెస్‌కు తరలివచ్చినది. అంత కష్టజీవులైనా ఫ్రెస్నోలో వారికి మర్యాద దక్కలేదు. మంచి పేటలలోని ఇళ్ల దస్తావేజులలో, ఈ ఆస్తిని ఆర్మేనియన్లకు అమ్మరాదు, అద్దెకు ఇవ్వరాదు అని షరతు వ్రాసేవారు. నోటిమాటగా కాదు, రిజిస్టరైన పత్రంలో! ఫలానావారికి ఇల్లు అద్దెకివ్వము అని బోర్డు పెట్టకుండానే చెప్పే ఇళ్ల యజమానులను మనలో చాలామంది చూసే ఉంటారు. కనుక దీనిని నేను వివరించనక్కరలేదు.

అంతకన్నా పెద్ద గండం పౌరసత్వం విషయంలో వచ్చినది. అమెరికాలో 1790 నాటి చట్టం ప్రకారం వలస వచ్చినవారిలో ‘స్వేచ్ఛగల శ్వేతజాతి వ్యక్తులు’ మాత్రమే పౌరులు కాగలరు. తరువాత ఆఫ్రికా సంతతివారిని చేర్చారు, ఆసియావాసులను చేర్చలేదు. మరి ఆర్మేనియన్లు ఎవరు? ఈ ప్రశ్న మనవారి కథతో ముడిపడి ఉన్నది గనుక కొంచెం ఆగి చెబుతాను.

ఆరిగన్ రాష్ట్రంలో చార్లెస్ వోల్వర్టన్ అనే ఫెడరల్ న్యాయమూర్తి ఉండేవారు. పంజాబుకు చెందిన భగత్ సింగ్ థింద్ అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. 1920లో అతనికి పౌరసత్వం మంజూరు చేసినది ఈ న్యాయమూర్తే. ప్రభుత్వం పై కోర్టుకు వెళ్లినది. 1923లో సుప్రీం కోర్టు, శాస్త్రం ఏమి చెప్పినా సామాన్యుని దృష్టిలో భారతీయుడు శ్వేతజాతివాడు కాడని తీర్పు చెప్పినది. దానితో అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వం కూడా రద్దు చేయడం ప్రారంభమైనది. శాన్ ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ ఆ అవమానం భరించలేక 1928లో ప్రాణం తీసుకున్నారు.

ఆ తీర్పు బలంతో ప్రభుత్వం తరువాత ఆర్మేనియన్ల మీదికి వచ్చినది. పోర్ట్‌లాండ్‌లో తివాచీలు అమ్మే తాతోస్ కార్తోజియన్ పౌరసత్వాన్ని రద్దు చేయమని దావా వేసినది. దావా వచ్చినది మళ్లీ అదే వోల్వర్టన్ ముందుకు. ఇది ఒక వర్తకుని కేసు కాదు, సమాజమంతటి కేసు అని ఆర్మేనియన్లు గ్రహించారు. చందాలు పోగు చేసి పేరున్న న్యాయవాదులను పెట్టుకున్నారు. మానవశాస్త్రంలో ఆ కాలపు పెద్ద పండితుడు ఫ్రాంజ్ బోయాస్ చేత సాక్ష్యం ఇప్పించారు. 1925లో తీర్పు వారికి అనుకూలంగా వచ్చినది. ఒకే న్యాయమూర్తి ముందుకు వెళ్లిన రెండు జాతులలో ఒకటి గట్టెక్కినది. మరొకటి 1946 వరకు వేచి ఉండవలసి వచ్చినది.

ఈ విజయంలోనే ఒక చిక్కు దాగి ఉన్నది. ‘శ్వేతజాతి’ అని తీర్పు తెచ్చుకున్నందున నేటి జనగణనలో వారు ఆ పెద్ద గడిలోనే కలిసిపోతారు. తమ మూలాన్ని ప్రత్యేకంగా వ్రాసుకుంటే తప్ప లెక్కకు రారు. ప్రభుత్వ లెక్కకూ వారి లెక్కకూ తేడా రావడానికి ఇది ఒక ముఖ్య కారణం. మధ్యప్రాచ్య ప్రజల కోసం 2024లో అమెరికా ప్రభుత్వం కొత్త గడి ఏర్పరచినప్పుడు ఆర్మేనియన్ల స్థానం ఎక్కడనే వాదన మళ్లీ తలెత్తినది. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ రికార్డులు నింపినవానిగా ఒక్క మాట చెబుతాను. ఏ గడిలో పేరు పడినదో దానిని బట్టే తరువాత అన్నీ నడుస్తాయి.

ఇప్పుడు, ఈ సభలో చెప్పడానికి నేను కొంత సంకోచించిన భాగానికి వస్తున్నాను.

వీరు స్వదేశం విడిచి ఎందుకు వెళ్లారు? ఉస్మానీ సామ్రాజ్యంలో 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఆర్మేనియన్ మేధావులను, పెద్దలను అరెస్టు చేశారు. ఆ తరువాత ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి, స్త్రీలను, పిల్లలను, వృద్ధులను సిరియా ఎడారి వైపు నడిపించారు. దారిలోనే ఊచకోతలు జరిగాయి. ఆకలి, రోగాలు మిగిలినవారిలో చాలామందిని తీసుకొనిపోయాయి. మృతులు పది లక్షల నుండి పదిహేను లక్షల వరకు ఉంటారని చరిత్రకారులలో అత్యధికుల అంచనా. తుర్కియే ప్రభుత్వం దీనిని జాతిహత్యగా నేటికీ అంగీకరించదు, యుద్ధకాలపు విషాదమంటుంది.

మన తాతల తరానికి తుర్కీ అంటే ప్రాణం. 1912లో డాక్టర్ ఎం. ఎ. అన్సారీ వైద్య బృందాన్ని వెంటబెట్టుకొని అక్కడి క్షతగాత్రులకు సేవ చేయడానికి వెళ్లారు. ఖిలాఫత్ ఉద్యమంలో మన ఊళ్లలో ఆడవారు నగలు ఒలిచి ఇచ్చారు. అన్వర్ పాషా మీది అభిమానంతో పిల్లలకు ఆ పేరు పెట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. ఆ అన్వర్ పాషా, తలాత్ పాషాల ప్రభుత్వమే ఈ ఘోరం చేసినది. ఈ మాట మనం దాచుకోరాదు. మన మీద జరిగినవి మాత్రమే లెక్కించి, మనవారనుకున్న పాలకులు ఇతరుల మీద చేసినవి వదిలేస్తే, మన ఫిర్యాదును ఎవరు నమ్ముతారు?

అయితే నాణేనికి ఆ ముఖమొక్కటే లేదు. హలబ్ గవర్నరుగా ఉండిన జలాల్ బే, తన పరిధిలోని ఆర్మేనియన్లను తరలించడానికి నిరాకరించి బదిలీ అయ్యారు. బదిలీ అయిన కొన్యాలో కూడా ఆయన అడ్డుపడడంతో చివరకు పదవినే పోగొట్టుకున్నారు. ఆయన ఒక ప్రభుత్వోద్యోగి అని గమనించండి. ఆజ్ఞ చట్టవిరుద్ధమో, అమానుషమో అయినప్పుడు ఉద్యోగి ఏమి చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడెల్లా నాకు ఆయనే గుర్తుకు వస్తారు. 1917లో మక్కా షరీఫ్ హుసేన్, తమ ఎల్లలలోకి వచ్చిన ఆర్మేనియన్లను సొంత కుటుంబాల వలె కాపాడవలసినదిగా అరబ్బు నాయకులకు లేఖ వ్రాశారు. ఖిలాఫత్ నాయకులు ఈ షరీఫ్‌ను ద్రోహి అన్నారు. రాజకీయంగా ఆయనను ఏమైనా అనండి, ఆ లేఖ మాత్రం చరిత్రలో ఉన్నది. బ్రతికి బయటపడినవారిలో అనేకులకు హలబ్, బీరూట్ వంటి అరబ్బు నగరాలే ఆశ్రయమిచ్చాయి. యుద్ధం ముగిసిన తరువాత 1919లో ఇస్తాంబుల్‌లోని ఉస్మానీ సైనిక న్యాయస్థానమే తలాత్, అన్వర్, జమాల్ పాషాలకు, వారు పరారీలో ఉండగా, మరణశిక్ష విధించినది.

అమెరికాకు వచ్చిన ఆర్మేనియన్లు అందరూ ఒకేసారి రాలేదు, ఒకే చోటు నుండీ రాలేదు. 1915 తరువాత కొందరు వచ్చారు. 1924లో అమెరికా వలసలకు తలుపులు మూసినది. 1965 చట్టంతో మళ్లీ తెరచినది. లెబనాన్ అంతర్యుద్ధం 1975లో మొదలైనప్పుడు బీరూట్ ఆర్మేనియన్లు, 1979 విప్లవం తరువాత ఇరాన్ ఆర్మేనియన్లు, ఆ ముందూ వెనుకా సోవియట్ ఆర్మేనియా వారు, ఇరాక్, సిరియా యుద్ధాల తరువాత ఆ దేశాల వారు వచ్చారు. 1988 డిసెంబరు 7న వచ్చిన భూకంపం, 1991లో సోవియట్ పతనం మరిన్ని కుటుంబాలను కదిలించాయి. కనుక గ్లెండేల్‌లో ఒక వీధిలోనే అరబీ మాట్లాడే ఆర్మేనియన్, ఫార్సీ మాట్లాడే ఆర్మేనియన్, రష్యన్ మాట్లాడే ఆర్మేనియన్ పక్కపక్కన కనిపిస్తారు. వారి భాషలోనే తూర్పు, పడమర అని రెండు రూపాలున్నాయి. బీరూట్‌లోని బుర్జ్ హమ్మూద్ పేటలో 1962లో పెట్టిన జంకూ చికెన్ అనే చిన్న హోటలు 1980లలో హాలీవుడ్‌కు తరలివచ్చి, లాస్ ఏంజెలెస్ ప్రజలందరికీ ఇష్టమైనదిగా మారినది. కబాబ్, దోల్మా అన్న మాటలు మనకు ఎవరూ అనువదించి చెప్పనక్కరలేదు కదా!

ఇంత వైవిధ్యం ఉన్నచోట కలహాలు కూడా ఉంటాయి. ముందు వచ్చినవారు తరువాత వచ్చినవారిని చిన్నచూపు చూశారు. చర్చి రెండు పీఠాలుగా చీలినది. 1933లో న్యూయార్క్‌లో సాక్షాత్తు చర్చిలోనే ఒక ఆర్చిబిషప్‌ను రాజకీయ వైరంతో హత్య చేశారు. ఆ చీలిక ఫలితంగా నేటికీ లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఒక పీఠానికి బర్బ్యాంక్‌లో, మరొక పీఠానికి లా క్రెసెంటాలో కార్యాలయాలు ఉన్నాయి. పార్టీలు మూడు, సంఘాలు లెక్కలేనన్ని. అయినా ఏప్రిల్ 24న అందరూ ఒకే వీధిలో నడుస్తారు. 2015లో నూరేళ్లు నిండినప్పుడు లిటిల్ ఆర్మేనియా నుండి తుర్కియే దౌత్య కార్యాలయం వరకు లక్షకు పైగా జనం నడిచారు. ఒక మసీదు కమిటీ ఎన్నికకే రెండు వర్గాలుగా విడిపోయి మాట్లాడుకోవడం మానేసినవారిని నేను ఎరుగుదును. వారు ఈ సభలో లేరనే అనుకుంటున్నాను.

వీరు నిర్మించుకున్న వ్యవస్థలలో బడులది మొదటి స్థానం. 1964లో ఎన్సినోలో హోలీ మార్టిర్స్ ఫెరాహియన్ పాఠశాల ప్రారంభమైనది. అమెరికాలో పూర్తికాలం నడిచిన మొదటి ఆర్మేనియన్ పాఠశాల అది. తరువాత మరికొన్ని వచ్చాయి. అందరి పిల్లలకూ ప్రైవేటు బడి ఫీజు కట్టే స్తోమత ఉండదు గనుక, గ్లెండేల్ ప్రభుత్వ పాఠశాలల్లోనే ఆర్మేనియన్, ఇంగ్లిషు రెండు భాషల్లో బోధించే తరగతులు సాధించుకున్నారు. ఏప్రిల్ 24న అక్కడి ప్రభుత్వ పాఠశాలలకు సెలవు. ఆ రోజు సగం పిల్లలు ఎలాగూ బడికి రానప్పుడు బడి తెరచి ప్రయోజనమేమిటని పాఠశాల మండలి ఒప్పుకోవలసి వచ్చినది. 1968లో మాంటెబెల్లోలో ప్రజా ఉద్యానవనంలో, అంటే ప్రభుత్వ స్థలంలో, అమరుల స్మారకం నిలబెట్టుకున్నారు.

ఎన్నికలలోనూ వెనుకబడలేదు. వలస కుటుంబపు బిడ్డ జార్జ్ డ్యూక్‌మేజియన్ 1983 నుండి 1991 వరకు కాలిఫోర్నియా గవర్నరు. గ్లెండేల్ నగర మండలిలో 1980లలో ఒక్క ఆర్మేనియన్‌తో మొదలై తరువాత వారే అధిక సంఖ్యాకులయ్యారు. ఓటరు పత్రాలు ఏయే భాషల్లో ఇవ్వాలో చెప్పే ఫెడరల్ చట్టం పరిధిలోకి ఆర్మేనియన్ రాదు. అయినా లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆ భాషలో ఇస్తున్నది. అడిగి, వెంటపడి సాధించుకున్నారు. 2019లో అమెరికా పార్లమెంటు ఉభయ సభలు, 2021లో అధ్యక్షుడు బైడెన్, 1915 ఘటనలను జాతిహత్యగా గుర్తించడం వెనుక కూడా ఇటువంటి నియోజకవర్గాల దశాబ్దాల పట్టుదల ఉన్నది.

గుమాస్తాగా బ్రతికినవాడిని గనుక, నన్ను అన్నిటికన్నా కదిలించినది మాత్రం భీమా కేసు.

1915కు ముందు అమెరికా, ఫ్రాన్సు భీమా కంపెనీలు ఉస్మానీ రాజ్యంలోని ఆర్మేనియన్లకు వేలాది జీవిత భీమా పాలసీలు అమ్మాయి. ఆనాటి అమెరికా రాయబారి హెన్రీ మార్గెన్‌థావ్ 1918లో ప్రచురించిన తన జ్ఞాపకాలలో ఒక సంగతి వ్రాశారు. ఆ పాలసీదారుల జాబితా ఇప్పించమని తలాత్ పాషా ఆయనను అడిగారట. వారూ పోయారు, వారసులూ పోయారు, కనుక ఆ సొమ్ము ప్రభుత్వానికి చెందుతుందని ఆయన వాదన. గ్లెండేల్ న్యాయవాది వార్త్‌కేస్ యెఘియాయన్ 1980లలో ఆ పుస్తకం చదువుతూ ఈ భాగం దగ్గర ఆగిపోయారు. పాలసీలు ఉన్నట్లయితే వాటి కాగితాలు ఎక్కడో ఉండాలి కదా అని వెదకడం ప్రారంభించారు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోనే ఒక వృద్ధుని ఇంట, ఆయన మేనమామ 1910లో తీసుకున్న న్యూయార్క్ లైఫ్ పాలసీకి సంబంధించిన పత్రాలు దొరికాయి. మేనమామ 1915లో చనిపోయాడు. కుటుంబం దశాబ్దాల పాటు కంపెనీకి ఉత్తరాలు వ్రాసి, ఫలితం లేకపోయినా, ఆ పత్రాలను పారవేయలేదు.

1999లో దావా పడినది. కాలం చెల్లిన దావా అని కొట్టివేయకుండా, 2000లో కాలిఫోర్నియా శాసనసభ గడువు పొడిగిస్తూ చట్టం చేసినది. దానిని ప్రతిపాదించినది ఫ్రెస్నోకు చెందిన ఆర్మేనియన్ సంతతి సభ్యుడు. బిల్లు సంఖ్య కూడా 1915. 2004లో న్యూయార్క్ లైఫ్ రెండు కోట్ల డాలర్లకు, మరుసటి ఏడు ఫ్రెంచి కంపెనీ ఆక్సా కోటీ డెబ్బై ఐదు లక్షల డాలర్లకు రాజీ చేసుకున్నాయి. చెల్లించని రెండువేలకు పైగా పాలసీదారుల పేర్లు వెలుగులోకి వచ్చాయి. ముత్తాత పేరు ఆ జాబితాలో చూసుకొని, ఆయన ఫలానా ఊరిలో ఉండేవాడని మొదటిసారి తెలుసుకున్న కుటుంబాలు ఉండి ఉంటాయి.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. జర్మన్ కంపెనీలపై వేసిన దావాలో, విదేశాంగ విధానంలో రాష్ట్రం జోక్యం చేసుకోరాదంటూ 2012లో అప్పీలు కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినది. అంతకన్నా బాధాకరమైనది మరొకటి. ఫ్రెంచి కంపెనీ ఇచ్చిన సొమ్ము పంపకంలో వారసులు పెట్టుకున్న దరఖాస్తులలో అత్యధికం తిరస్కరించబడ్డాయి. కొంత సొమ్ము దారి మళ్లినది. ఈ సంగతిని పత్రికలు బయటపెట్టాయి. పరాయివాని దగ్గర నుండి హక్కు రాబట్టడం ఒక పోరాటం, రాబట్టిన సొమ్ముకు లెక్క చెప్పించుకోవడం ఇంకొక పోరాటం. వక్ఫ్ ఆస్తుల కోసం తిరుగుతున్న మిత్రులు ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు.

కాగితం లేనిచోట నోటిమాటను భద్రపరచారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలో ఆచార్యులు రిచర్డ్ హోవన్నిసియన్ 1970ల నుండి తన విద్యార్థులను బ్రతికి బయటపడిన వృద్ధుల ఇళ్లకు పంపి, టేపు రికార్డరు పెట్టించారు. అలా వెయ్యికి పైగా సాక్ష్యాలు పోగయ్యాయి. పెద్ద గ్రాంటులు, భవనాలు దీనికి అవసరం కాలేదు. తరగతి విద్యార్థులు, ఒక టేపు రికార్డరు, వినే ఓపిక చాలాయి.

ఇక వారి పొరుగువారితో సంబంధాలు. ఇక్కడ మచ్చలున్నాయి. 2000లో గ్లెండేల్‌లోని ఒక ఉన్నత పాఠశాల ఎదుట ఆర్మేనియన్, లాటినో యువకుల ఘర్షణలో ఒక లాటినో విద్యార్థి ప్రాణం పోయినది. మంచి కూడా ఉన్నది. గ్లెండేల్ ఒకప్పుడు సూర్యాస్తమయం తరువాత నల్లజాతివారు ఊరిలో కనిపించరాదన్న ఆచారం పాటించిన పట్టణం. ఆ పాపం ఆర్మేనియన్లు రాక ముందుది. అయినా 2020లో నగర మండలి ఆ చరిత్రను అంగీకరించి క్షమాపణ తీర్మానం చేసినది. జపాను సైన్యం చెరపట్టిన కొరియా, చైనా తదితర దేశాల స్త్రీల స్మారకంగా 2013లో అక్కడి పార్కులో విగ్రహం పెట్టాలని కొరియన్లు అడిగినప్పుడు, ఆర్మేనియన్ సభ్యులు అండగా నిలిచారు. తీసివేయించడానికి దావాలు వేసినా విగ్రహం అక్కడే ఉన్నది. తమ వేదనను గుర్తించమని ప్రపంచాన్ని అడిగేవారు ఇతరుల వేదనకు తమ ఊరిలో చోటివ్వడం చిన్న విషయం కాదు.

వారికి నేడున్న పెద్ద బెంగ భాష. పడమటి ఆర్మేనియన్‌ను 2010లో యునెస్కో అంతరించే ప్రమాదమున్న భాషల జాబితాలో చేర్చినది. తాతకు అర్థమయ్యే ఉత్తరం మనుమడు వ్రాయలేడు. మన ఇళ్లలో ఉర్దూ చదవగలిగే పిల్లలెందరో ఈ రాత్రి ఇంటికి వెళ్లి లెక్కపెట్టుకోండి.

సమయం మించినందుకు మన్నించండి. ఉప్పుగూడ సమాధులను చూడదలచినవారు వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు నాతో రావచ్చు. పిల్లలను కూడా తీసుకొని రండి. ఆ రాళ్ల మీది అక్షరాలను ఫోటోలు తీసి, ఒక్కొక్క దానికి సంఖ్య వేసి, ఒక రిజిస్టరు తయారు చేద్దాం. రూళ్ల పుస్తకం నేను తెస్తాను.